ఐదో కారణం

ఛాతీ ఆపరేషన్లు జరిగే థియేటర్‌లో సర్జన్ పక్కన నిలబడి పనిముట్లు అందించడమే నా ఉద్యోగం. పుట్టింది ఉరవకొండ దగ్గర పల్లెలో, పనిచేసింది బెంగళూరులో, రిటైరై వచ్చి స్థిరపడింది అనంతపురం పాతవూరిలో. బెంగళూరులో ఉన్నన్నాళ్ళూ మా జిల్లా రోగులు వస్తూనే ఉండేవాళ్ళు. నా యాస చెవిన పడగానే వాళ్ళ ముఖాల్లో బెదురు కొంత తగ్గేది. "అక్కా, మీదీ మా పక్కేనా?" అని అడిగి, డాక్టర్లకు చెప్పుకోలేనివన్నీ నాకు చెప్పుకునేవాళ్ళు. అలా నేను ఎక్కువసార్లు విన్న మాట "మా కర్మ".

ఆ మాట మీద నాకు కోపం లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే నేల మాది. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య ఋతుపవనం బంగాళాఖాతం నుంచి మా దాకా వచ్చేసరికి డస్సిపోతుంది. విత్తనం వేసి ఆకాశం కేసి చూసే మనిషికి కర్మ అనే మాట లేకపోతే రాత్రి నిద్ర ఎలా పడుతుంది? మా నాయనకు ఆ మాటే నిద్ర పట్టించింది. నా ప్రశ్న వేరు. ఒక పనిముట్టు సరిగా పనిచేయక మనిషికి హాని జరిగితే, దాన్ని కర్మ అనవచ్చా? అనవచ్చంటే ఆ మాట ఎవరి నోటి నుంచి రావాలి?

ఆ పనిముట్టు గురించి ముందు చెప్పాలి. ఊపిరితిత్తిని కోస్తూనే మూసేసే స్టేప్లర్ అది. పొడుగాటి కడ్డీ, కొనన రెండు దవడలు. ఒక దవడలో కార్ట్రిడ్జ్ కూర్చుంటుంది. అందులో టైటానియం పిన్నులు వరుసలు తీరి ఉంటాయి. ఊపిరితిత్తులకు వాడే చాలా రకాల్లో ఆరు వరుసలు, వాటి నడుమ కత్తి నడిచే గాడి. ఎదుటి దవడలో ప్రతి పిన్నుకూ సరిగ్గా ఎదురుగా రెండు చిన్న గుంటలు. సర్జన్ దవడలు మూసి, కణజాలంలోని తడి నొక్కుకుని పక్కకు జరిగేదాకా కాసేపు ఆగి, అప్పుడు ఫైర్ చేస్తారు. పిన్నుల కాళ్ళు కణజాలాన్ని పొడుచుకుని వెళ్ళి ఆ గుంటలకు తగిలి లోపలికి వంగుతాయి. సరిగా వంగిన పిన్ను ఇంగ్లీషు బి అక్షరంలా ఉంటుంది. అలా వంగితే సన్నని రక్తనాళాల్లో నెత్తురు ఆడుతుంది, పెద్దవి మూసుకుంటాయి. కత్తి మధ్యలో కోసుకుంటూ పోతుంది. కోత పడ్డ చోట అటు మూడు వరుసలు, ఇటు మూడు వరుసలు మిగులుతాయి. అంతా క్షణాల్లో అయిపోతుంది.

కార్ట్రిడ్జ్ రంగును బట్టి పిన్ను ఎత్తు తెలుస్తుంది. మేము ఎక్కువగా వాడినవాటిలో తెల్లది రక్తనాళాలకు. మూసుకున్నాక ఆ పిన్ను ఒక మిల్లీమీటరు. నీలానిది ఒకటిన్నర. ఆకుపచ్చది రెండు, శ్వాసనాళం లాంటి మందమైనవాటికి. ఊపిరితిత్తి అంతటా ఒకే మందంలో ఉండదు. క్షయ వచ్చి మానిన చోట అది గట్టిపడి ఉంటుంది, గాలి బుడగ ఉబ్బిన చోట పొరలా పలచబడి ఉంటుంది. అర మిల్లీమీటరు తేడాలో మనిషి గట్టెక్కడమో, మళ్ళీ కోయాల్సి రావడమో ఉంటుంది.

పిన్ను పొట్టిదైతే కాళ్ళు అవతలి గుంటను చేరవు. గాలి కారుతుంది, నెత్తురు కారుతుంది. పొడుగుదైతే పట్టు వదులుగా ఉంటుంది, మళ్ళీ అదే. పాత పిన్ను మీదనో క్లిప్పు మీదనో దవడ పడితే ఇరుక్కుపోతుంది. ఊపిరితిత్తుల ధమని మీద మూసుకున్న దవడ తిరిగి తెరుచుకోకపోతే, ఆ గదిలో ఎవరికీ ఊపిరి ఆడదు. అంతా సరిగానే జరిగినా, జబ్బుపడ్డ ఊపిరితిత్తి మళ్ళీ గాలి నింపుకునేటప్పుడు పిన్నుల అంచు వెంబడే చిరగవచ్చు. ఏళ్ళు గడిచాక దగ్గులో పిన్ను బయటపడ్డ రోగుల గురించి కూడా వైద్య పత్రికల్లో రాశారు. ఇవన్నీ చెప్పినంత మాత్రాన ఈ పరికరం చెడ్డదని కాదు. 1908లో బుడాపెస్ట్‌లో హుల్ట్ల్ అనే సర్జన్ మొదటి స్టేప్లర్ వాడాడు. దాన్ని సిద్ధం చేయడానికే గంటలు పట్టేదట. 1958లో అమెరికా సర్జన్ మార్క్ రావిచ్ సోవియట్ దేశం వెళ్ళినప్పుడు, కీవ్‌లో ఊపిరితిత్తుల ఆపరేషన్‌లో శ్వాసనాళాన్ని స్టేప్లర్‌తో మూయడం చూసి, ఆ పరికరాన్ని తన దేశానికి తీసుకెళ్ళాడు. అది లేకపోతే పక్కటెముకల మధ్య రెండు మూడు చిన్న రంధ్రాల్లోంచి ఊపిరితిత్తి ఆపరేషన్ చేయడం దాదాపు అయ్యే పని కాదు. దానివల్ల బతికినవాళ్ళను నేను కళ్ళారా చూశాను.

కంబదూరు వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరి కథ అలాంటిది కాదు. ఆయనకు ఎప్పుడో క్షయ వచ్చి, మందులు మింగి, తగ్గింది. తగ్గిన చోట పైన ఒక పెద్ద బుడగ మిగిలింది. దాన్ని బుల్లా అంటాం. ఒకరోజు మంద వెంట నడుస్తుంటే అది పగిలి ఛాతీలోకి గాలి చేరింది. కళ్యాణదుర్గంలో ట్యూబు వేసి పంపారు. అనంతపురం దాటి బెంగళూరు వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. ఆయన భార్య, బావమరిది వెంట వచ్చారు. కెమెరాతో, చిన్న కోతలతో బుల్లాను కోసి తీసేద్దామని నిర్ణయించారు.

మొదటి ఫైర్ బాగానే జరిగింది. రెండోది జరిగాక దవడలు తెరిస్తే, తెర మీద అందరం చూశాం. కోత పూర్తిగా పడింది. కానీ ఊపిరితిత్తి మిగిలే వైపు, అంచున కొంత మేర పిన్నులు వంగనే లేదు. కాళ్ళు నిటారుగా నిలబడి ఉన్నాయి, కొన్ని పక్కకు వాలి ఉన్నాయి. ఆ సందుల్లోంచి నురగ కలిసిన నెత్తురు. సర్జన్ గొంతు పెంచలేదు. "పెద్దగా తెరుస్తున్నాం" అన్నారు, అంతే. పక్కటెముకల మధ్య కోత పెంచి చేత్తో కుట్టారు. ఆయన చేతిలో ఆ నేర్పు ఉంది కాబట్టి మనిషి దక్కాడు. కానీ క్షయతో గట్టిపడ్డ ఆ ఊపిరితిత్తి కుట్లను సరిగా పట్టుకోలేదు. ఛాతీ ట్యూబు కింద నీళ్ళ సీసాలో బుడగలు ఆగలేదు. ఐదు రోజులు దాటి గాలి లీకైతే దీర్ఘకాలపు లీకు అని మా లెక్క. ఆయనది వారాలు దాటింది. చీము పట్టింది. మంద అమ్మేశారు.

ఆ వారాల్లో ముగ్గురి నోట ఒకే భావం విన్నాను. రోగి అన్నాడు: "నా రాత ఇట్లుంటే ఎవరేం చేస్తారక్కా." థియేటర్ బయట ఒక సీనియర్ డాక్టర్ అన్నారు: "మన చేతుల్లో ఏముందమ్మా, పైవాడి దయ." స్టేప్లర్ కంపెనీ తరఫున వచ్చిన మనిషి అన్నాడు: "కణజాలం అలాంటిది సిస్టర్, ఆయన దురదృష్టం."

మొదటి మాట విన్నప్పుడు కళ్ళు చెమర్చాయి. మూడో మాట విన్నప్పుడు ఒళ్ళు మండింది. రెండో మాట దగ్గర చాలాకాలం ఆగిపోయాను. మాట ఒకటే అయినప్పుడు నాలో ఈ తేడా ఎందుకు వచ్చింది? ఇన్నేళ్ళు ఆలోచించి ఇప్పుడు గట్టిగా చెప్పగలను. కర్మ అన్నది అనుభవించేవాడు తన గురించి తాను అనుకోవాల్సిన మాట. ఆ బాధలో తన చెయ్యి ఉన్నవాడు, ఉండే అవకాశమున్నవాడు ఎదుటివాడి తరఫున అనకూడదు. రోగి నోట అది సహనం. అది ఆయన హక్కు. దాన్ని ఆయన దగ్గర లాక్కునే అధికారం నాకు లేదు. కంపెనీ మనిషి నోట అది విచారణకు అడ్డు. ఇద్దరూ ఒకే సిద్ధాంతం చెబుతున్నట్టు కనిపిస్తారు. ఒకరు బాధను మోస్తున్నారు, ఇంకొకరు దించేసుకుంటున్నారు.

రోగి బావమరిదికి ఆ సంగతి నాకంటే ముందే తెలుసు. వేరుశనగ పండించే రైతు ఆయన. కాన్పుకొచ్చిన కూతుర్ని ఊళ్ళో వదిలి వచ్చాడు. వరండాలో నన్ను ఆపి మెల్లగా అడిగాడు: "అక్కా, మా బావది కర్మే అనుకుందాం. మాకు చెనక్కాయ విత్తనాలు మొలకేయకుంటే సంచి ఎత్తుకపోయి ఆఫీసులో సూపిస్తాం. సంచి మీద నంబరుంటాది, బిల్లుంటాది. వాన రాకుంటే దేవుడు. విత్తనం మొలకేయకుంటే దేవుడు కాదు గదా. ఆ పిన్నులేసే డబ్బా యాడ పెట్టినారు?"

ఏం చెప్పాలి ఆయనకు? కార్ట్రిడ్జ్ పెట్టె మీది స్టిక్కర్ చించి, లాట్ నంబరుతో సహా, కేస్ షీట్ మీద అంటించాను. అది నా పని. వంగని పిన్నులున్న కార్ట్రిడ్జ్‌ను విడిగా డబ్బాలో మూతపెట్టి ఉంచాను. కంపెనీ మనిషి దాన్ని పరీక్షకని తీసుకుపోయాడు. పరీక్షలో ఏం తేలిందో నేను అడిగిన ప్రతిసారీ జవాబు రాలేదు. అదే లాట్‌లోని మిగతా పెట్టెలను ఆపమని నేను రాసి ఇచ్చిన కాగితం ఏమైందో కూడా నాకు చెప్పలేదు. బావమరిదికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన తల ఊపాడు. "అట్లైతే మీ కాడ సంచి లేనట్టే" అన్నాడు.

అనంతపురం వచ్చాక సాయంత్రాలు గుడిలో గీతా పాఠానికి వెళ్తున్నాను. చెప్పే శాస్త్రిగారు పెద్దమనిషి, చదువుకున్నవారు. పద్దెనిమిదో అధ్యాయంలో ఒక చోట ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు ఉంటాయని వస్తుంది. పనికి ఆధారమైన చోటు, చేసే కర్త, కరణాలు, వేర్వేరు చేష్టలు, ఐదోది దైవం. శాస్త్రిగారు మొదటి నాలుగూ గబగబా దాటేసి దైవం దగ్గర ఆగి, అదే పూర్వకర్మ ఫలమని, ఆసుపత్రిలో ఎంత పెద్ద డాక్టరున్నా అది తప్పదని అన్నారు. నేను లేచి నిలబడ్డాను.

"శాస్త్రిగారూ, ఐదు కారణాలని మీరే అన్నారు. దైవం ఐదోది. ముందున్న నాలుగూ చూడకుండా ఐదో దాని దగ్గరికి ఎలా వెళ్తాం? కరణం అని మూడోది ఉంది కదా. పనిముట్టు చెడితే దాన్ని మూడో చోట చూడాలా, ఐదో చోట చూడాలా?"

ఆయన కోప్పడలేదు. "అమ్మా, నువ్వు పనిముట్టు అంటున్నావు. శంకరులు ఇక్కడ కరణమంటే కన్ను, చెవి లాంటి ఇంద్రియాలని రాశారు. బయటి పరికరాలని కాదు" అన్నారు.

ఆ రాత్రి ఇంట్లో భాష్యం తెరిచి చూశాను. ఆయన చెప్పింది నిజం. అయితే ఆ జవాబు నా ప్రశ్నను మూయలేదు, ఇంకా పెద్దది చేసింది. ఎందుకో చెబుతాను.

ఛాతీ పెద్దగా తెరిచి చేసే పాత పద్ధతిలో సర్జన్ వేళ్ళు లోపలికి వెళ్ళేవి. శ్వాసనాళాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నొక్కి చూసేవారు. ఎంత మందం, ఎంత గట్టి, ఎక్కడ క్షయ మచ్చ ఉంది అన్నది చర్మానికి తెలిసేది. మా పెద్ద సర్జన్ ఒకాయన కళ్ళు మూసుకుని నొక్కేవారు. చిన్న రంధ్రాల ఆపరేషన్‌లో ఆ వేళ్ళు లోపలికి పోవు. పోయినా ఒక్కటి, అదీ కొస మాత్రమే. కన్ను స్థానంలో కెమెరా వచ్చింది. వేలి స్థానంలో స్టేప్లర్ దవడ వచ్చింది. ఊపిరితిత్తి మందాన్ని ముందుగా తాకి తెలుసుకునేది ఆ దవడే, పట్టేది అదే, మూసేదీ అదే. హ్యాండిల్ బిగువు ద్వారా అది చెప్పినంత మేరకే సర్జన్‌కు తెలుస్తుంది. కొత్త రకాల్లో మోటారు ఉంటుంది, ఆ బిగువును కూడా కొంతవరకు మోటారే చూసుకుంటుంది. శంకరులు ఇంద్రియమన్న పనిని ఈ గదిలో పరికరం చేస్తోంది. కరణం శరీరం బయటికి వచ్చి ఒక కార్ఖానాలో తయారై, అట్టపెట్టెలో వచ్చింది. అలాంటప్పుడు ఆ కరణం ఆరోగ్యాన్ని చూడాల్సినవాళ్ళు ఎవరు? నా కంటికి పొర కమ్మితే నేను వైద్యుడి దగ్గరికి పోతాను. సర్జన్ వేలికి తిమ్మిరి పడితే ఆయన కత్తి పట్టడు. పరికరానికి తిమ్మిరి పడితే మాత్రం రోగి పూర్వజన్మ గుర్తొస్తోంది మనకు.

దైవం గురించి కూడా ఆ భాష్యంలో చూశాను. శంకరులు అక్కడ పాత పాపం అని రాయలేదు. కంటికి సూర్యుడిలాగా ప్రతి ఇంద్రియానికీ తోడై నిలిచే దేవతలని రాశారు. రామానుజులు అంతర్యామి అయిన పరమాత్మ అన్నారు. ఈ ఇద్దరిలో ఎవరి అర్థం తీసుకున్నా, దైవం పనికి తోడ్పడేదే. రోగిని శిక్షించడానికి పిన్నును వంగకుండా ఆపే దైవం అక్కడ లేదు. దాని తర్వాత వచ్చే మాట సర్జన్ వైపు కూడా నిలుస్తుంది. ఇన్ని కారణాలుండగా కర్త ఒక్కడే అంతా చేశాడనుకునేవాడు సరిగా చూడనివాడని దాని తాత్పర్యం. కాబట్టి జరిగినదానికి డాక్టర్ని ఒక్కడినే పట్టుకుని కొట్టేవాళ్ళకూ గీత ఆసరా ఇవ్వదు. ఆరోజు ఆ సర్జన్ కార్ట్రిడ్జ్ రంగు సరిగానే ఎంచుకున్నారు, ఆగాల్సినంతసేపు ఆగారు. కర్త చేయాల్సింది చేశాడు. చేష్ట సరిగా జరిగింది. మిగిలిందేమిటో వెతకాలి.

మన పాత వైద్యులు అలాగే వెతికారు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో యంత్రాలకు పన్నెండు దోషాలు చెప్పారు. మరీ లావుగా ఉండడం, నాసి లోహంతో చేయడం, మరీ పొడుగు, మరీ పొట్టి, పట్టు లేకపోవడం, ఎగుడుదిగుడుగా పట్టడం, వంకర, వదులు, మరీ ఎత్తు, మేకు బలహీనంగా ఉండడం, మూతి మెత్తబడడం, ఉచ్చు మెత్తబడడం. మొదటిసారి ఈ జాబితా చదివినప్పుడు ఆ రోజు తెర మీద చూసింది కళ్ళ ముందుకొచ్చింది. పట్టు లేకపోవడం, ఎగుడుదిగుడుగా పట్టడం, మేకు బలహీనంగా ఉండడం: మా రెండో ఫైర్‌కు ఇంతకంటే మంచి రిపోర్టు ఎవరూ రాయలేరు. ఇదే సుశ్రుతంలో, చిల్లుపడ్డ పేగు అంచులను నల్ల చీమలతో కరిపించి, తల మాత్రం ఉంచి ఒళ్ళు తుంచేయమని ఉంది. పిన్నుతో మూయడమన్న ఆలోచన అప్పటికే ఉందన్నమాట. ఆ గ్రంథం కర్మ వల్ల వచ్చే రోగాలు ఉన్నాయని వేరే చోట ఒప్పుకుంటుంది. రోగానికి ఒప్పుకున్నదాన్ని పనిముట్టుకు మాత్రం ఒప్పుకోలేదు. ఆ పన్నెండు దోషాల్లో రోగి పాపం ఊసు లేదు.

చరక సంహితలో అగ్నివేశుడు గురువును అడుగుతాడు, ఆయుష్షు ముందే నిర్ణయమైపోయిందా అని. దైవం, పురుష ప్రయత్నం రెండూ కలిస్తేనే ఆయుష్షని, అంతా నిర్ణయమే అయితే మందులెందుకని ఆత్రేయుడి జవాబు. ఆయన ఇరుసు సంగతి చెబుతాడు. మంచి ఇరుసు దాని కాలం నడిచి అరిగిపోతుంది. అదే ఇరుసు మీద మోయలేని బరువు వేసినా, గతుకుల దారిలో తోలినా, కందెన పూయకపోయినా కాలం రాకుండానే విరుగుతుంది. బుద్ధుణ్ణి శివకుడు అనే పరివ్రాజకుడు అడిగిన ప్రశ్నా ఇలాంటిదే: మనిషి అనుభవించేదంతా పూర్వకర్మేనా? బుద్ధుడు పిత్తంతో మొదలుపెట్టి, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు అంటూ ఎనిమిది కారణాలు చెప్పి, కర్మను ఎనిమిదోదిగా పెట్టాడు. గీతలో దైవం ఐదింట ఐదోది, బుద్ధుడి దగ్గర కర్మ ఎనిమిదింట ఎనిమిదోది. వేర్వేరు దారుల్లో నడిచినవాళ్ళు దాన్ని చివర్నే పెట్టారు. చివరిదాన్ని మనం ముందుకు లాక్కొచ్చాం.

అలా లాగితే ఏమవుతుందో లోకానికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2011 జనవరి నుంచి 2018 మార్చి దాకా సర్జికల్ స్టేప్లర్ల మీద తనకు చేరిన నివేదికలను లెక్కబెట్టింది. 41,000కు పైగా వచ్చాయి. వాటిలో 366 మరణాలు, 9,000కు పైగా తీవ్రమైన హానులు, 32,000కు పైగా పరికరం పనిచేయని సంఘటనలు. ఇవి ఊపిరితిత్తులవి మాత్రమే కాదు, పేగులవీ మిగతావీ అన్నీ కలిసినవి. చాలా ఏళ్ళు తయారీదారులు ఇలాంటి సంఘటనలను జనానికి కనిపించని సారాంశాల రూపంలో పంపుకునే వెసులుబాటు ఉండేది. 2019లో అది బయటపడింది, అదే ఏడాది ఆ పద్ధతిని ఆపేశారు. శరీరం లోపల వాడే స్టేప్లర్‌ను అప్పటిదాకా బ్యాండేజీలతో పాటు అతి తక్కువ ప్రమాదపు తరగతిలో ఉంచారు. 2021 అక్టోబరులో గానీ పై తరగతికి మార్చలేదు. ఆ ఏళ్ళన్నిటిలో బల్ల మీద పడుకున్న ఒక్కొక్క రోగి ఇంట్లో "మన దురదృష్టం" అనుకుని ఉంటారు. ఎవరింట్లో వాళ్ళు, ఒంటరిగా. పక్కింట్లోనూ అదే జరిగిందని తెలిస్తే ఆ మాట వాళ్ళ నోట వచ్చేదా?

మన దగ్గరా ఏర్పాటు ఉంది. 2015 జూలై 6న మెటీరియోవిజిలెన్స్, అంటే వైద్య పరికరాల వల్ల జరిగే హానిని గమనించే కార్యక్రమం మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతుంది. 2017 వైద్య పరికరాల నిబంధనలు 2018 జనవరి నుంచి అమల్లో ఉన్నాయి. పరికరం వల్ల హాని జరిగితే ఫారం నింపి పంపడానికి డాక్టరే కానక్కర్లేదు, నర్సూ పంపవచ్చు. నేను మాట్లాడిన నర్సింగ్ పిల్లల్లో చాలామందికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే వంగని పిన్నును ముందుగా చూసేది చాలాసార్లు వాళ్ళే.

పేదవాడి విషయంలో కర్మ అనే మాట ఇంకా సులువుగా వస్తుంది. ఒక్కో కార్ట్రిడ్జ్ వేలల్లో ఉంటుంది, ఒక ఆపరేషన్‌కు నాలుగైదు పట్టవచ్చు. ఒకసారి వాడి పారేయాల్సిన పరికరాన్ని కడిగి మళ్ళీ వాడే అలవాటు మన దేశంలో ఉంది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. 1991 నుంచి పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు. ఈ రెండూ మా వాళ్ళకు ఎంత చేశాయో నాకు తెలుసు, చేతులెత్తి మొక్కుతాను. అయినా ఆపరేషన్ చేయించుకునే దారి తెరుచుకోవడం వేరు, ఆపరేషన్‌లో జరిగినదాన్ని అడిగే దారి తెరుచుకోవడం వేరు. గొర్రెల కాపరి ఆ రెండోదాన్ని అడగలేడు. ఆయనకు భాష రాదు, బస్సు ఛార్జీ లేదు, ఎవరిని అడగాలో తెలియదు. ఆయన అడగలేకపోవడాన్ని మనం ఆయన వైరాగ్యమని పొగుడుతున్నాం.

ఇంత చెప్పాక శాస్త్రిగారు నన్ను అడిగారు: "అంతా పనిముట్టు మీదే వేశావు. మరి దైవాన్ని పూర్తిగా తీసేశావా అమ్మా?"

తీసేయలేదు. నేను రోజూ దీపం పెట్టుకునే మనిషినే. నాలుగూ వెతికాక కూడా ఒకటి మిగులుతుంది. ఒకే పెట్టెలో వచ్చిన కార్ట్రిడ్జుల్లో ఆ ఒక్కటే ఆయన ఛాతీలోకి ఎందుకు వెళ్ళింది? ముందు రోజు వేరే మనిషికి పడలేదేం? పరీక్ష చేసినవాళ్ళు పిన్ను ఎందుకు వంగలేదో చెప్పగలరు. ఆ పిన్ను ఆయనకే ఎందుకు వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. ఆయన భార్య నన్ను అడిగింది అదే. "మేమేం చేసినాం అక్కా?" అంది. "ఏమీ చేయలేదు తల్లీ. ఆ పరికరం ఒక వైపు మూసుకోలేదు" అన్నాను. ఆ జవాబు నిజం, నేను దానికి కట్టుబడి ఉన్నాను. ఆమె అడిగినదానికి అది సగమే అని కూడా నాకు తెలుసు. మిగతా సగం దగ్గర ఐదో కారణానికి నేను చోటిస్తాను. అక్కడ ఆమె ఏ మాట అనుకుంటే ఆ మాట ఆమెది.

శాస్త్రిగారు వచ్చే వారం పద్దెనిమిదో అధ్యాయం మళ్ళీ మొదటి నుంచి చదువుదామన్నారు, సుశ్రుతం కూడా పట్టుకురమ్మన్నారు. నేను ఆయన్ను అడగాల్సింది ఒకటి ఉంది. కర్మ సిద్ధాంతం చేసినవాడికి ఫలం అంటుంది. చేసినవాడు ఒక్కడని అనుకుంటుంది. స్టేప్లర్ వందల చేతులు దాటి వస్తుంది. లోహం పోసినవాడు, గుంట చెక్కినవాడు, నాణ్యత చూసి ముద్ర వేసినవాడు, ఫిర్యాదు కాగితాన్ని సారాంశంలో కలిపేసినవాడు, తక్కువ ధరకు కొన్నవాడు. వీళ్ళలో ఏ ఒక్కరూ ఆ కాపరిని చూడలేదు, ఏ ఒక్కరూ ఆయనకు చెడు తలపెట్టలేదు. ఆయన మంద అమ్ముకున్న ఫలం వీళ్ళలో ఎవరి ఖాతాకు చేరుతుంది? అందరికీ పంచితే ఒక్కొక్కరి వంతు దాదాపు ఏమీ లేనంత చిన్నదవుతుంది, ఆయన నష్టం మాత్రం ఆయనకు పూర్తిగా మిగులుతుంది. పంచుకున్నకొద్దీ పాపం తగ్గదని, తెలిసీ ఊరుకున్న ప్రతివాడికీ అది మొత్తంగా అంటుతుందని నాకు అనిపిస్తుంది. దీనికి శాస్త్రంలో ఆధారం ఎక్కడుందో శాస్త్రిగారిని వెతికి పెట్టమని అడుగుతాను.